రెండొందల ఇరవై కదుళ్ళు, నిండా నూనె

నాకు కోపం ఎక్కువ. ఇప్పుడు కాస్త తగ్గిందని ఇంట్లోవాళ్ళంటారు, నేను నమ్మను. అయినా ఆ కోపమే లేకపోతే నేను బతుకంతా తెగిన దారాలు అతికిస్తూనే ఉండిపోయేదాన్ని. అందుకని దాన్నేమీ అనను.

తొంభైల చివర్లో బాన్సువాడ నుంచి పిట్లం పోయే రోడ్డు మీద ఒక చిన్న నూలు మిల్లు ఉండేది. అందులో నాది దారం అతికే పని. మిషన్‌కు రెండు వైపులా వరసగా కదుళ్ళు, వైపుకు రెండొందల ఇరవై. మిల్లులో అందరూ స్పిండిల్ అనేవాళ్ళు, నాకు మాత్రం కదురు అనడమే ఇష్టం. ఒక్కో కదురు మీద ఒక్కో కండె గిర్రున తిరుగుతూ దారం చుట్టుకుంటుంది. దారం తెగితే మేం ఆడవాళ్ళం పరుగెత్తి, ఆ ఒక్క కదురును మోకాలితో ఆపి, కొస వెతికి పట్టుకుని అతికించాలి. ఇక్కడ అతికించేలోపు అక్కడ తెగుతుంది. అక్కడికి పరుగు.

దారం ఊరికే తెగదు. కదురు చుట్టూ చిన్న ఇనుప రింగు ఉంటుంది. ఆ రింగుకు సరిగ్గా నడిమధ్యన కదురు నిటారుగా నిలబడాలి. వెంట్రుకవాసి ఒరిగినా దారం ఒక పక్కకు లాగి పుటుక్కుమంటుంది. కదుళ్ళు నిలబెట్టేది ఫిట్టర్లు, అంటే మగవాళ్ళు. వాళ్ళు తిన్నగా నిలబెడితే కదా! వాళ్ళ వంకరకు మా కాళ్ళు అరిగేవి.

నూనె సంగతి ఇంకా ఘోరం. ప్రతి కదురూ అడుగున ఒక ఇనుప గొట్టంలో కూర్చుంటుంది, ఆ గొట్టంలో నీళ్ళలా పల్చటి నూనె పోస్తారు. ఫిట్టర్లు ఒలకబోసుకుంటే తెల్లటి కండెకు మరక అంటేది. తిట్లు ఎవరికి? మాకు. "తలకు నూనె పెట్టుకొని గవే చేతులతోని దారం ముడతరు" అనేవాడు సూపర్‌వైజర్. దువ్వెన పెట్టక రెండ్రోజులైన తలతో నిలబడి ఆ మాట వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఎండాకాలం మహారాష్ట్రలో మూతబడ్డ మిల్లు నుంచి ఒక పాత మిషన్ రెండు లారీల్లో దిగింది. కదుళ్ళన్నీ గోనె సంచుల్లో కట్టలు కట్టి ఉన్నాయి. వాటిని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. మొదటిసారి ఒక మిషన్ ఏమీ లేని స్థితి నుంచి నిలబడబోతోంది! ఆ కదుళ్ళలో ఒక్కటైనా నా చేత్తో నిలబెట్టాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

ఫిట్టర్లలో మా మేనత్త కొడుకు ఒకడు. బావకు అప్పటికే పెళ్ళయి ఇద్దరు పిల్లలు, అయినా మరదలిని ఏడిపించే హక్కు వదులుకోలేదు. సంచుల దగ్గర తచ్చాడుతున్న నన్ను చూసి నవ్వాడు.

"ఏందే మరదలా, గవి గాజులు గావు, స్పిండిళ్ళు. నీకెందుకు?"

"నువ్వు పెట్టే వంకర స్పిండిళ్ళకంటె మా పెరట్ల చిక్కుడు గుంజలు నయం బావా!"

ఆ మాట పక్కనే ఉన్న మేస్త్రి చెవిన పడింది. ఫిట్టర్లందరికీ ఆయనే పెద్ద. సరిహద్దు అవతలి ఊరివాడు, తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడేవాడు. నన్ను కిందికీ మీదికీ చూశాడు. నోరు జారాను కదా, పని పోయిందనుకున్నాను. ఆయన మాత్రం కిళ్ళీ ఉమ్మి వచ్చి, "అరె బాయీ, మస్తు మాట్లాడుతున్నవ్. నీతోని అయితదా?" అన్నాడు.

"అయితది."

"అయితే బగా, చూడు. గా సైడు నువ్వు, గీ సైడు మీ బావ. మిషన్ నడిపిద్దం. ఫస్టు సారి కండెలు నిండేదాంక ఎవరి సైడు దారాలు తక్కువ తెగితే వాళ్ళు గెల్చినట్టు. గెలిస్తే నిన్ను ఫిట్టింగుల తీసుకుంట. ఓడితే మళ్ళ నోరు తెరవొద్దు, దారాలు అతుకు."

కాలు నేల మీద నిలవలేదు. ఆ రోజు ఇంటికి బస్సులో వెళ్ళానో ఆటోలో వెళ్ళానో ఇప్పటికీ గుర్తులేదు.

మేస్త్రి మా ఇద్దరికీ పని ఒకేసారి చూపించాడు. ముందు రసమట్టం పెట్టి ఇనుప పట్టెను సమం చెయ్యాలి. పట్టెలోని రంధ్రంలో గొట్టాన్ని దించి, కింద నట్టు వదులుగా బిగించాలి. గొట్టంలో నూనె పోసి కదురును దించాలి. రింగులో ఒక గుండ్రటి బిళ్ళ కూర్చోబెడితే, దాని నడుమ ఉన్న చిల్లులోంచి కదురు మొన ఎటూ తగలకుండా పైకి రావాలి. తగిలితే చెక్క సుత్తితో గొట్టాన్ని చిన్నగా తట్టాలి. నడుమకు వచ్చాక నట్టు బిగించాలి. బిగించేటప్పుడు మళ్ళీ జరుగుతుంది! మళ్ళీ వదులు చెయ్యాలి, మళ్ళీ తట్టాలి. "హళూ బాయీ, హళూ" అనేవాడు మేస్త్రి. మెల్లగా అని.

చివర్లో మాకు చెరో సన్నటి పుల్ల ఇచ్చాడు. దాని మీద రెండు గాట్లు ఉన్నాయి. నూనె ఆ రెండు గాట్ల మధ్యే ఉండాలన్నాడు.

తొమ్మిది రోజులు పట్టింది నాకు. బావ అయిదో రోజుకే ముగించి, నీళ్ళ పంపు పక్కన చాయ్ తాగుతూ నా వైపు చూసి కన్ను గీటేవాడు. నేను పట్టించుకోలేదు. బిళ్ళ చిల్లులోంచి కదురు మొన ఏ అంచుకూ తాకకుండా చల్లగా పైకి వచ్చినప్పుడల్లా నాకు ఈల వేయాలనిపించేది. ఒకసారి వేశాను కూడా. మోకాళ్ళు పుండ్లు పడ్డాయి, వేళ్ళు వాచాయి, అయినా పొద్దున ఎప్పుడవుతుందా, ఎప్పుడు పోదామా అని ఉండేది.

నూనె దగ్గరే నా తెలివి నాకు అడ్డమొచ్చింది. మా బాపు చెరకు బండి తోలేవాడు. ఫ్యాక్టరీకి బండి కట్టే ముందు ఇరుసుకు కందెన పెట్టే పని చిన్నప్పటి నుంచి నాదే. "కుచ్చి కుచ్చి నిండ పెట్టు బిడ్డా, ఎద్దుల ఉసురు పోసుకోకు" అనేవాడు బాపు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, మేస్త్రి పుల్ల చూడగానే నాకు నవ్వొచ్చింది. ఇంత వేగంగా తిరిగేదానికి ఈ రెండు గాట్ల నూనె ఏం సరిపోతుంది? పిసినారి పుల్ల! దాన్ని కొప్పులో దోపుకుని, రెండొందల ఇరవై గొట్టాల్లోనూ అంచుదాకా పోశాను. కదురు దించినప్పుడు పైకి పొంగిన నూనెను గుడ్డతో ముద్దుగా తుడిచాను. నా కదుళ్ళకు ఏ లోటూ చెయ్యలేదని ఎంత మురిసిపోయానో!

మిషన్ నడిపే రోజు పొద్దున్నే షెడ్డంతా మా చుట్టూ చేరింది. నా వైపు దారాలు అతికించడానికి క్యాంపు అక్క నిలబడింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ళ క్యాంపులో ఉండేది ఆవిడ, నాకు మంచి స్నేహితురాలు. బావ వైపు ఇంకొకామె. దారం తెగినప్పుడల్లా నేల మీద సుద్దముక్కతో గీత గియ్యాలి.

మేస్త్రి మీట వేశాడు. అబ్బ! నా రెండొందల ఇరవై కదుళ్ళూ ఒక్కసారిగా లేచాయి. మొదట చిన్న గుయ్యిమనే శబ్దం, తర్వాత పెద్ద హోరు. నా వైపు ఒక్క కదురూ వణకలేదు. తిరుగుతున్నాయో ఆగి ఉన్నాయో తెలియనంత నిలకడగా తిరిగాయి. నేను అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని పిసికేశాను.

గంట గడిచేసరికి బావ వైపు పంతొమ్మిది గీతలు. నా వైపు మూడు. మూడే! "ఏం బావా, చాయ్ తాగుతవా?" అని ఇటునుంచి అరిచాను. "ఇంక కండెలు నిండలే, ఊకో" అని అటునుంచి జవాబు. షెడ్డంతా నవ్వింది. సూపర్‌వైజర్ కూడా వచ్చి నా గీతలు రెండుసార్లు లెక్కపెట్టి వెళ్ళాడు. నేను ఫిట్టర్‌నైపోయాననుకున్నాను. కండెలు నిండటానికి ఇంకో గంట, అంతే.

అప్పుడే కనబడింది. వరస మధ్యలో ఒక కండె అడుగున, తెల్లటి నూలు మీద గోరంత పసుపు. పక్కదాని మీదా అంతే. వంగి చూశాను. కదురు మెడ తడిగా మెరుస్తోంది. వేలు పెట్టి చూసుకున్నాను. జారింది.

వేగానికి నూనె కదురు పట్టుకుని పైకెక్కి చిమ్ముతోంది! మేస్త్రి పుల్ల కొప్పులో గుచ్చుకున్నట్టయింది. పిసినారితనం కాదు అది, లెక్క. నేనే మూర్ఖురాలిని.

ఇంకెవరూ చూడలేదు. కండెలు కింది భాగంలోనే మరకపడ్డాయి, మీద దారం చుట్టుకుంటే అది కనబడదు. గంటసేపు నోరు మూసుకుంటే చాలు, గెలుస్తాను. నిజం చెప్తున్నాను, మూసుకుందామనే అనుకున్నాను. ఓ రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాను కూడా. ఇంతలో క్యాంపు అక్క ఒక తెగిన దారం అతికించి, చేతులు చీరకు తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వింది. రేపు ఈ మరకలు బయటపడితే ఎవరి చేతులు చూస్తారు? ఎవరి తల వాసన చూస్తారు? అక్కదే. నేను ఫిట్టర్ల మధ్య నిలబడి వింటుండాలి.

నా మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. పరుగెత్తుకెళ్ళి మీట లాగేశాను.

హోరు తగ్గి, తగ్గి, ఆగింది. దారాలన్నీ వాలిపోయాయి. "ఆపేశావేంటమ్మా! గెలిచేదానివిగా!" అని అక్క నెత్తి కొట్టుకుంది. మేస్త్రి పరుగున వచ్చాడు.

"ఎవడు ఆపిండు?"

"నేనే ఆపిన." వేలు ఆయన ముఖం ముందు పెట్టాను. "జూడు. వాసన జూడు. ఇది తలనూనె గాదు. సూపర్‌వైజర్‌కు గూడ జూపించు."

ఆయన వాసన చూశాడు. "ఎంత పోసినవ్?"

"నిండ."

"ఎందుకు?"

"బండికి మేం గట్లనే పెడ్తం."

షెడ్డంతా ఒకటే నవ్వు. బావైతే పట్టె పట్టుకుని వంగిపోయాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఏడవలేదు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. నూనె తోడే చేతిపంపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తియ్యి. పుల్ల పెట్టి కొలువు. కండెలు నిండకముందు ఆగింది, నువ్వు ఓడినవ్."

రెండొందల ఇరవై కదుళ్ళూ పీకి, నూనె తోడి, పుల్ల ముంచి కొలిచి, మళ్ళీ నిలబెట్టాను. మర్నాటి నుంచి మళ్ళీ దారాలు అతికే పనే. మేస్త్రి అదే మిషన్ మీద, రెండు వైపులకూ నన్నొక్కదాన్నే వేశాడు.

నోరు తెరవొద్దన్నాడు కదా, తెరిచాను. బావ వైపు దారం తెగినప్పుడల్లా షెడ్డు మారుమోగేలా "బావా, ఇది నీది!" అని అరిచి మరీ అతికించాను. పొద్దంతా అదే అరుపు. నా వైపు పోయే పని పెద్దగా పడలేదు. రెండో రోజుకు మిగతా ఆడవాళ్ళూ నాతో గొంతు కలిపారు. ఎక్కడ దారం తెగినా "బావా, ఇది నీది!" పాపం, తన పని కాని మిషన్లకు కూడా బావే జవాబుదారీ అయ్యాడు. చాయ్ దుకాణంలో సైతం అతన్ని అలాగే పిలిచారట.

నాలుగో రోజు భోజనాల వేళ మిషన్ ఆగి ఉంది. బావ నా దగ్గరికి వచ్చాడు, వెనక మేస్త్రి కిళ్ళీ నములుతూ నిలబడ్డాడు. నవ్వుతారేమోనని కొంగు దోపుకుని సిద్ధంగా ఉన్నాను. బావ నవ్వలేదు. జేబులోంచి తన గుండ్రటి బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు, చెక్క సుత్తి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నీకు దండం పెడ్త, ఆ ఒర్రుడు ఆపు. మేస్త్రికి నేనే చెప్పిన. నా సైడు గూడ నువ్వే నిలబెట్టు మరదలా" అన్నాడు. నేను ఎగిరి గంతెయ్యబోతుంటే, నా కొప్పులోంచి పుల్ల లాక్కుని తన చెవి వెనక పెట్టుకున్నాడు.

"నూనె మాత్రం నేను పోస్త."