పది నిమిషాల ప్యాచ్

అల్లవరంలో రొయ్యల మేత అమ్మే ఆఫీసులో కంప్యూటర్లు చూసేది నేనే. "సెక్యూరిటీ అప్‌డేట్ వెయ్యమని కంప్యూటర్ రోజూ అడుగుతోందండీ" అని గుమస్తా ఆవిడ నాలుగుసార్లు చెప్పింది. ఈవిడా నాకు చెప్పేది అని ఒళ్ళు మండి, "మీ పని మీరు చూసుకోండి" అని కసిరాను.

ఆ అప్‌డేట్ వెయ్యక మిగిలిన లోపంలోంచే వైరస్ దూరి ఫైళ్ళన్నీ పాడుచేసింది. ఆవిడే ఏదో మెయిల్‌లో లింకు నొక్కి వైరస్ తెచ్చిందని యజమానికి చెప్పాను.

పెద్దవాళ్ళు ఏమడిగినా, జవాబు అవునైనా కాకపోయినా, ముందు మర్యాదకి 'ఆయ్' అనడం మా వైపు అందరిలాగే ఆవిడకీ అలవాటు.

"నొక్కింది నువ్వేనా?" అని ఆయన అరిచాడు.

"ఆయ్" అంది.

ఆయన దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు; సాయంత్రానికి ఆవిడ ఉద్యోగం పోయింది.

మర్నాడు ఆవిడ కుర్చీలోనే కూర్చుని పది నిమిషాల్లో ఆ అప్‌డేట్ ప్యాచ్ వేశాను.

"మీరుండబట్టి సరిపోయిందండీ" అన్నాడు యజమాని.

"ఆయ్" అన్నాను.