సంతోషమ్మ ఆగింది

మా వదిన సంతోషమ్మకి ఓపిక ఉందని ఎవరైనా అంటే ముందు నవ్వేది నేనే. చర్చిలో ప్రార్థన కాస్త పొడుగైతే మధ్యలోనే ఆమేన్ అనేసే మనిషి. పొయ్యి మీద అంబలి ఉడికేలోగా పదిసార్లు మూత తీసి చూస్తుంది. అలాంటి మనిషిని పాడేరులో గర్భిణుల వసతి గృహంలో కూర్చోబెట్టి, తోడుగా నన్ను పంపారు. నా ఓపికా అంతంతమాత్రమే. ఇంట్లో ఇంకెవరూ లేక పంపారు.

కూర్చోవాల్సిన అవసరం మాత్రం ఉంది. మాది ముంచింగిపుట్టు అవతల కొండమీద ఊరు. జీపు ఆగేచోటికి రావాలంటే కొండవాగు, మా గెడ్డ, దాటాలి. తొలి కాన్పుకి నొప్పులు మొదలయ్యాక మా అన్న స్తెఫను, ఊరివాళ్లు కలిసి డోలీ కట్టి మోసుకెళ్లారు. ఆ రోజు గెడ్డ పొంగి ఉంది. ఒడ్డునే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు కడుపు పండలేదు. ఈసారి నొప్పులకి ముందే వచ్చి ఆసుపత్రి పక్కన ఉండి తీరాలని నర్సు గాయత్రి గట్టిగా చెప్పింది.

క్రిస్మస్‌కి ముందే కాన్పని లెక్క కట్టారు. వదినకి కాలు నిలవదు. వరండా ఊడుస్తుంది, ఊడ్చిందే మళ్లీ ఊడుస్తుంది, పక్క మంచాల వాళ్ల బట్టలు లాక్కుని ఉతికేస్తుంది. కాలుగాలిన పిల్లిలా ఆవిడ తిరుగుతుంటే నాకు తల తిరిగేది.

"కాసేపు కూకో వదినా. సూడలేకపోతన్నాను."

"కూకుంటే కాఫీతోటే కళ్లల్లో మెదుల్తంది హేమా. పండు ఎర్రబడిపోయుంటాది. మీ అన్న ఒక్కడూ ఏటి సేత్తాడు?"

క్రిస్మస్ వచ్చింది, వెళ్లింది. నొప్పుల జాడ లేదు. మా తర్వాత వచ్చినవాళ్లు కూడా బిడ్డల్ని ఎత్తుకుని వెళ్లిపోతున్నారు. నాకు ఒళ్లు మండి నర్సుతో దెబ్బలాటకి దిగాను. పాపం, ఆమె నన్నేమీ అనకుండా, నెల తప్పింది ఎప్పుడని వదినని మళ్లీ అడిగింది.

"సెప్పేను కదమ్మా, ఇప్పపూలు రాలినప్పుడని."

మాకు నెలల లెక్క అదే. ఇంట్లో క్యాలెండర్ ఉన్నా ఆదివారాలు చూసుకోవడానికే. నర్సుది కింద ఊరు, అక్కడ ఇప్పపూలు ముందే రాలిపోతాయి. మా కొండమీద చలి పూర్తిగా వదిలితే గాని రాలవు. ఆ తేడా ఆమెకి తట్టలేదు, వదినకి చెప్పాలని తోచలేదు. ఇంకో మూడు వారాలైనా ఆగాలని తేలింది. వదిన గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కోపంతో.

మర్నాడు అన్న వచ్చాడు. గోళ్ల సందుల్లో కాఫీ పండ్ల జిగురు నల్లగా ఎండిపోయి ఉంది.

"ఎల్లిపోదాం రా. కోసేవాళ్లు నేక పండంతా రాలిపోతంది. నొప్పులొచ్చేక అప్పుడు సూసుకుందాం. దేవుడున్నాడు కదా. ఆ మాత్రం విశ్వాసం నేదేటి నీకు?"

వాడి మాట పూర్తయ్యేసరికి నేను సంచి సర్దేశాను. ఇల్లు చేరాలని నాకూ ప్రాణం లాగేస్తోంది మరి. వదిన లేచి చెప్పులేసుకుంది. గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"తొలి బిడ్డప్పుడూ విశ్వాసం ఉంది," అంది. "గెడ్డ ఒడ్డున నువ్వూ నేనూ పార్దన సేసేం. అక్కడ నేకపోయింది డాకట్రే. నేనిక్కడే ఉంటాను. పోతే తోట పోనీ."

"ఇంకా అన్నాళ్లు ఉండగలవేటి?"

"ఉండలేను. అయినా ఉంటాను. రోజూ లేవగానే దేవుడితో దెబ్బలాడతన్నాను, ఈ ఒక్కరోజు నన్ను కూకోబెట్టయ్యా అని. రేపటి మాట అడగటం నేదు."

అన్న నేను సర్దిన సంచిలోంచి ఆమె దుప్పటి తీసి మంచం మీద పరిచి, సాయంత్రం జీపుకి ఒక్కడే వెళ్లిపోయాడు.

ఆ మిగిలిన రోజులు నన్నడక్కండి. వదిన తిట్టింది, ఏడ్చింది, ఒక రోజు అన్నం మానేసింది. వరండా మాత్రం దాటలేదు. చివరికి ఒక పొద్దున నొప్పులొచ్చాయి. పేగు బిడ్డ మెడకి చుట్టుకుందని, గుండె నెమ్మదిస్తోందని, డాక్టరమ్మ అప్పటికప్పుడు ఆపరేషన్‌కి తీసుకెళ్లింది.

ఫోను చేస్తే అన్న ఏ జీపు పట్టుకున్నాడో ఏమో, మధ్యాహ్నానికి వచ్చి పడ్డాడు. ఆడపిల్ల పుట్టిందని చెప్పి, నిద్రపోతున్న బిడ్డని చేతుల్లో పెట్టబోతే వెనక్కి తగ్గాడు.

"ఏడిసిందా?" అని అడిగాడు.

గెడ్డ ఒడ్డున పుట్టిన బిడ్డ ఏడవలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. నేను ఏడ్చిందనే చెప్పాను. వాడు నమ్మలేదు, బిడ్డ నోటివైపే చూస్తూ నిలబడ్డాడు.

మంచం మీంచి వదిన గొంతు నీరసంగా వినిపించింది. "గిల్లు హేమా. పాపమేటీ నేదు. ఆయన ఇంక ఆగలేడు."

అరికాలి మీద చిన్నగా గిల్లాను. గుంటపిల్ల వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. మా అన్న అక్కడే నేలమీద కూలబడి, చేతులు చాపాడు.