ఆరని గోడ మీద ఏనుగు

నా పరువును ఏనుగు తొక్కిన కథ చెబుతాను, వినండి. అడవి ఏనుగూ కాదు, గుడి ఏనుగూ కాదు. నా చేత్తో నేనే వేసిన ఏనుగు. అది నా ఒక్కదాని పరువుతో సరిపెట్టుకుని ఉంటే నోరు మూసుకుని ఊరుకునేదాన్నే. రాయపూర్ రైల్వే క్వార్టర్లలోని మా బొమ్మల సంఘం మొత్తాన్నీ వీధిన పడెయ్యబోయింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మాట. బుకింగ్ గుమాస్తా గారి కొత్త పెళ్లాన్నై విజయనగరం నుంచి రాయపూర్‌కు థర్డ్ క్లాసు పెట్టెలో వచ్చాను. ఒకావిడ మోకాలు నా వీపులో, ఒకాయన కోళ్లగంప నా ఒళ్లో, ఎవరిదో తెలియని కాలు నా భుజం మీద. ఆ కాలు ఎవరిదని అడిగితే ఎవరూ నాది అనలేదు.

నాకు పుట్టుకతోనే ఓపిక లేదు. అన్నం ఉడికిందా అని మాటిమాటికీ మూత తీసి, అసలు ఉడకనివ్వని రకాన్ని. ఎవరైనా మాట మొదలుపెడితే సగం వినేసరికే మిగతా సగం నాకు తెలిసిపోయినట్టు ఉంటుంది. తెలియదని తరవాత తెలుస్తుంది.

మా సంఘంలో జీతాలు లేవు, చందాలు లేవు. క్వార్టర్ల ఆడవాళ్లూ, వ్యాగన్ల మీద అక్షరాలు రాసే పైడయ్య లాంటి ఒకరిద్దరు మగవాళ్లూ తీరిక దొరికినప్పుడు కలిసి, పెళ్లిళ్లకీ పండగలకీ ఇళ్ల గోడల మీద బొమ్మలు వేసేవారు. ఎర్రమట్టి అలికిన గోడ, రుబ్బిన బియ్యప్పిండి, పుల్లకు చుట్టిన గుడ్డ. అంతే సరంజామా. అన్నింటికీ పెద్దదిక్కు గార్డు గారి భార్య అప్పలనరసమ్మ గారు. ఏళ్ల తరబడి ఒకరి వరండాలోంచి ఇంకొకరి వరండాలోకి సంఘాన్ని సంకలో పిల్లలా మోసిన మనిషి ఆవిడ.

చివరికి స్టేషన్ వెనక వాడకుండా పడి ఉన్న లాంతర్ల గది ఒకటి దొరికింది. దొరికింది అంటే, వాడుకుంటుంటే ఎవరూ పొమ్మనలేదు. ఇంతలో పెద్ద ఇంజనీరు సాబ్ స్వయంగా చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయనకు నచ్చితే గది సంఘానిది, నచ్చకపోతే కిరసనాయిలు డబ్బాలది. "ఈ గది పోతే నానింక ఎక్కడికని తిరగను తల్లీ?" అని అప్పలనరసమ్మ గారు అంటుంటే మొదటిసారి ఆవిడ గొంతు వణకడం విన్నాను. నాకు చాలా బాధేసింది.

మూడు గోడలు పూర్తయ్యాయి. నాలుగోది మిగిలింది. సరిగ్గా అప్పుడే మా ఆయన, నన్ను అడక్కుండా, అప్పలనరసమ్మ గారితో "మా ఆవిడ చెయ్యి పడితే గోడలు మాట్లాడతాయండీ" అనేశారు.

నాకు వచ్చింది పొడిముగ్గు. వాకిట్లో వేలు కదిలితే చాలు, తెల్లగా గీత పడుతుంది. తడిపిండితో గోడ మీద గీత కూడా గీసి ఎరగను. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పానా? "ఉత్త ఏనుగు వెయ్యమంటారా, అంబారీతో వెయ్యమంటారా?" అని అడిగాను.

సాబ్ వచ్చే రోజు పొద్దున్నే గోడ అలికించి, మధ్యాహ్నం అప్పలనరసమ్మ గారు పిండి గిన్నె నా చేతికిచ్చారు.

"ఇదిగో అమ్మీ, ఊరేగింపు ఏనుగు ఒక్కటెయ్యి సాలు. ఏసినాక ఒక సంగతుంది, ఇనుకో..."

"నాకు తెలుసండీ!"

"ఏటి తెలుసే? నాను సెప్పనేదు కదా ఇంకా."

"మా ఇంట్లో అందరికీ ఇదే పనండీ. మీరు వెళ్లి వంట చూసుకోండి, చలో చలో!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయారు. మిగతావాళ్లూ సాబ్ కోసం చాయ్, పకోడీల పనిలో పడ్డారు. గదిలో నేనూ, గోడా మిగిలాం.

పిండి చిక్కగా ఉందనిపించి రెండు చెంబుల నీళ్లు పోశాను. తొండం నుంచి తోక దాకా ఏనుగును చకచకా వేసి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. గోడ ఉంది. ఏనుగు లేదు.

దగ్గరికెళ్లి చూశాను. తడి మెరుస్తోంది తప్ప గీత లేదు. మట్టి తాగేసిందనుకున్నాను. ఈసారి తొండం అటు తిప్పి, ఇంకా పెద్ద ఏనుగును వేశాను. అదీ మాయం. ఏనుగంటే ఈ గోడకు గిట్టదేమోనని పల్లకి వేశాను. పల్లకీ పోయింది. మోసే బోయీలను వేశాను. వాళ్లూ పల్లకి వెంటే పోయారు. కాసేపు కూర్చుందామంటే కాళ్లు నిలవవు. కిటికీ దగ్గరికి పరుగు, గోడ దగ్గరికి పరుగు. చివరికి ఒళ్లు మండి, ఎక్కడ పడితే అక్కడ నెమలిని, కోతిని, ఒక గుర్రాన్ని కూడా గీసేశాను. గోడ మాత్రం అన్నం పెట్టని కంచంలా ఖాళీగా నా వంకే చూస్తోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పలనరసమ్మ గారు తలుపు తీసుకుని లోపలికి వచ్చారు.

"ఓలమ్మా! ఇంకా మొదలెట్టనేదేటే?"

"ఆలోచిస్తున్నానండీ."

"సాబ్ గేటు కాడికొచ్చీసినాడే! ఇప్పుడు ఆలోచనేటి నీ మొకం!"

ఆవిడ గబగబా కుర్చీ లాగి, సాబ్ వీపు నా గోడకు వచ్చేలా వేశారు. పైడయ్య గాలి ఆడుతుందని పడమటి తలుపులు బార్లా తెరిచాడు. మధ్యాహ్నపు ఎండ తిన్నగా నా గోడ మీద పడింది.

సాబ్ మిగతా గోడలు చూశారు. తల ఊపారు. కుర్చీలో కూర్చుని చాయ్ అందుకున్నారు. "అచ్ఛా కామ్ హై" అన్నారు. అప్పలనరసమ్మ గారి ముఖంలోకి రక్తం వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆయన తల వెనక ఒక తోక తెల్లగా మొలిచింది.

ఆ తరవాత ఒక తొండం. ఎదురుగా ఇంకో తొండం. ఏనుగు కడుపులోంచి పల్లకి, పల్లకి కిటికీలోంచి గుర్రం మూతి, దాని నెత్తిన కోతి. నెమలికి బోయీల కాళ్లు. ఎవరివో తెలియని కాళ్లు ఇంకా చాలా. గోడ ఆరేకొద్దీ జనం పెరుగుతున్నారు. మా ఆయన నా వంక చూసి, చప్పుడు చెయ్యకుండా పెదాలతో "ఏమిటది?" అన్నారు. పైడయ్య చేతిలో పకోడీ చేతిలోనే ఉండిపోయింది.

అందరి కళ్లూ ఎటు పోతున్నాయోనని సాబ్ వెనక్కి తిరిగారు.

"యే క్యా హై?"

అప్పలనరసమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గది పోయింది, నా మూలంగా పోయింది. అయినా ఆగే నోరా నాది?

"థర్డ్ క్లాస్ కా డబ్బా, సాబ్!" అన్నాను. నేను వచ్చిన రైలుపెట్టే గుర్తొచ్చింది మరి.

సాబ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. గోడ దగ్గరికెళ్లి ఒక కాలు మీద వేలు పెట్టి, ఇది ఎవరిదని హిందీలో అడిగారు.

"ఎవరూ నాది అనరు సాబ్," అన్నాను నాకొచ్చిన హిందీలో.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. చాయ్ కోటు మీద ఒలికింది, అయినా ఆపలేదు. వెళ్తూ వెళ్తూ, గది మాదేనన్నారు. ఈ గోడకు మాత్రం ఎన్నడూ సున్నం కొట్టొద్దని గట్టిగా చెప్పి మరీ వెళ్లారు. దాంతో సంఘం నిలబడింది. వచ్చిన ప్రతివాళ్లకూ నా గోడను చూపించి, "ఇదేసింది ఇదే" అని నన్ను చూపించే ఆచారం కూడా నిలబడింది.

ఆ సాయంత్రం అప్పలనరసమ్మ గారు నన్ను గోడ ముందు నిలబెట్టారు.

"తడిపిండి ఆరితేగానీ తెల్లబడదే గుంటా! ఏసి కదలకుండా కూకోమని సెప్పబోతే నోరు మూయించీసినావు. ఇప్పుడు పెమాణం సెయ్యి. నానన్నట్టే అను. ఇకమీదట తడిగోడ మీద ఏనుగేసి తొందరపడను..."

"ఇకమీదట తడిగోడ మీద ఏనుగేసి తొందరపడను."

"ఇంకా, పెద్దోలు ఏదైనా సెప్తన్నప్పుడు..."

"నాకు తెలుసండీ!"

గదంతా గొల్లుమంది. ఆవిడ నెత్తి కొట్టుకుని వెళ్లిపోయారు. ఆ ప్రమాణంలో మిగతా సగం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసిన సగాన్ని మాత్రం నిష్ఠగా పాటిస్తున్నాను. ఆ రోజు మొదలు ఏ గోడ మీదా నేను ఏనుగును వేసి ఎరగను.