పాలు తాగేవాళ్ళకే మందు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ల్యాబ్ టెక్నాలజీలో బియస్సీ చేసి, అమలాపురంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేరాను. మొదటి రోజు బస్సులో తెల్లకోటు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని, పక్కావిడ అడక్కపోయినా "ల్యాబ్ అండి, రక్తపరీక్షలు చేస్తాను" అని చెప్పేశాను. ఇప్పటికీ మా గన్నవరం సెంటర్లో నిలబడి అందరికీ చెప్పాలనే ఉంటుంది. కాని ఇప్పుడు చెప్పబోయేది వేరే కబురు. ఇది చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

చేరిన కొత్తలోనే ఒకటి కనిపెట్టాను. మా ల్యాబ్‌కు విటమిన్ డి పరీక్ష కోసం వచ్చేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. నడుం నొప్పి అని ఆడమనిషి వెళ్తే డి రాస్తారు. అదే నొప్పితో మగమనిషి వెళ్తే ఎక్స్‌రే రాస్తారు. ఎప్పుడైనా మగవాళ్ళ చీటీలో డి ఉన్నా వాళ్ళు ఒప్పుకోరు. ఒకాయన చెయ్యి చాపకుండా నన్ను బతిమాలాడు.

"అదొక్కటీ తీసెయ్యండమ్మా. ఆడాళ్ళ టెస్టు కదా."

"ఆడా మగా ఏం లేదండి. ఎముకలు అందరికీ ఉంటాయి కదండీ."

"ఎండలో పడి మాడిపోతన్నామండి బాబూ. మాకు డి తక్కువేంటండీ, కావాలంటే మీకే అరువిస్తాం!"

కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంకో సంగతి కూడా చూశాను. షుగరున్న మగవాళ్ళు నెల తిరిగేసరికి మళ్ళీ వస్తారు. డి తక్కువని తేలిన ఆడవాళ్ళు మాత్రం మందు వాడాక మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నా రారు. రిపోర్టు పట్టుకుని వెళ్ళిన మనిషి మళ్ళీ కనబడదు. తగ్గిపోయిందేమోలే అనుకునేదాన్ని.

మా అమ్మ కొబ్బరాకుల నుంచి ఈనెలు తీసి చీపుర్లు కడుతుంది. రోజంతా అరుగు నీడలో నేల మీద కూర్చునే పని. కొన్నాళ్ళుగా గోడ పట్టుకుంటే గాని లేవలేకపోతోంది. ఒకరోజు బాత్రూంలో కూర్చుని, లేవలేక నన్ను కేకేసింది. నేను చంకల కింద చేతులు వేసి లేపుతుంటే, "నేల మీద కూచోడం నా వల్ల కాపోతే ఈనెలెవరు తీస్తారే?" అంది. నొప్పి గురించి కాదు, దాని గురించే ఏడ్చింది.

మర్నాడే ల్యాబ్‌కు తీసుకెళ్ళి నా చేత్తోనే రక్తం తీశాను. డి బాగా తక్కువ వచ్చింది. డాక్టరుగారు పొడి పేకెట్లు రాసి, "వారానికొకటమ్మా, పాలల్లో కలపాలి. రెండు నెలలయ్యాక మళ్ళీ టెస్టు" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అంది అమ్మ.

ఆ రోజు నేను గాలిలో తేలాను. నా చదువు మొట్టమొదట మా అమ్మ కాళ్ళకే పనికొచ్చిందని.

రెండు నెలల తరవాత మళ్ళీ పరీక్ష చేస్తే అంకె అంగుళం కదల్లేదు. మెషీను మీద అనుమానంతో అదే రక్తం రెండోసారి పెట్టాను. అంతే వచ్చింది. డాక్టరుగారు మొహం చిట్లించి, మందు ఒంటికి పట్టట్లేదంటే పేగుల్లో లోపమేమో, మందు ఆపకుండా కాకినాడలో పెద్ద డాక్టరుకు చూపించమన్నారు.

ఆదివారాలు కూడా పొద్దున్నే ల్యాబ్‌కు పోయేదాన్ని, ఆ ఆదివారం మాత్రం ఇంట్లోనే ఉన్నాను. నాన్న కొబ్బరికాయలు వలిచే పనికి బయల్దేరుతున్నాడు. అమ్మ పేకెట్టు పళ్ళతో చింపి, పాలగ్లాసులో పోసి, చెంచాతో తిప్పి నాన్న చేతికిచ్చింది. ఆయన గటగటా తాగి మీసాలు తుడుచుకున్నాడు.

"అమ్మా! అదేంటి?"

"ఏంటంటావేంటే? ఆ పొడే. వారమైంది కదా."

"అది నీకు కదా రాసేరు!"

"పాలల్లో కలపమన్నారు కదే. పాలు తాగేది మీ నాన్న. నేనెప్పుడు తాగేను పాలు?"

ఆవిడ దాచలేదు, తడబడలేదు. అన్నంలో ఎసరు ఎంత అని అడిగితే చెప్పినట్టు జవాబు చెప్పింది. మా ఇంట్లో పాలంటే నాన్న గ్లాసు. మిగిలితే టీకి. మందు పాలల్లో కలపాలంటే అది పాలు తాగేవాళ్ళకే అయ్యుంటుందని అమ్మ లెక్క.

"కాళ్ళు నీవి కదమ్మా!"

"ఒళ్ళు వంచి కష్టపడేది ఆయన. బలం మందు ఆయనకి పడితే ఇంటికి పట్టినట్టే."

నాన్న వైపు తిరిగాను. "నీకు తెలీదా నాన్నా?"

"నాకేం తెలుసమ్మా. తియ్యగా ఉంటే మీ అమ్మ పంచదార ఎక్కువేసిందనుకున్నాను."

"అమ్మ గోడ పట్టుకుని లేస్తంటే రోజూ చూస్తన్నావు కదా?"

"ఆడాళ్ళకి కాళ్ళ నెప్పులు మామూలే కదే."

ఆ మాటకి నా ఒళ్ళు భగ్గుమంది. ఆ పూట నేను అన్నం తినలేదు. మర్నాడు నాన్నను కూడా ల్యాబ్‌కు రమ్మన్నాను.

"ఆడాళ్ళ టెస్టు నాకెందుకే?"

"ఆడాళ్ళ మందు తాగేవు కదా, టెస్టు కూడా చేయించుకో!"

చేయించుకున్నాడు. బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం దడి అవతల పక్కింటి పిన్నిగారికి చెబుతున్నాడు: "ఎండలో కష్టం చేసిన ఒళ్ళండి! ఏ లోటూ లేదంట. మా అమ్మాయే చేసింది టెస్టు!"

నా చదువును పొగుడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఇంకో రోజైతే పొంగిపోయేదాన్ని. "ఆ డి అంతా మా అమ్మదండీ పిన్నిగారూ!" అని దడి ఇవతల నుంచి అరిచాను.

అప్పట్నుంచి ల్యాబ్‌లో ఆడవాళ్ళెవరైనా రిపోర్టు తీసుకుంటే, "మందు ఇంట్లో ఎవరు తాగుతారండీ?" అని అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు తల దించుకుంటారు. "మా వోడికి పదో తరగతి పరీక్షలు కదమ్మా, వోడికే పోస్తన్నాను" అంది ఒకావిడ, నేను మెచ్చుకుంటాననుకుని. ఆడవాళ్ళకి టెస్టులు ఎక్కువ రాస్తున్నారట! ఎన్ని రాస్తే ఏం లాభం? సూది ఒకళ్ళకి, మందు ఇంకొకళ్ళకి.

కాకినాడ ప్రయాణం మానిపించాను. తరవాతి ఆదివారం కూడా ఇంట్లో ఉండిపోయి, పాలు నేనే కాచి, పొడి నేనే కలిపి అమ్మకిచ్చాను. "పోనీ నీళ్ళల్లో కలుపుకుంటాలే" అంది. నేనొప్పుకోలేదు. గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోబోతే అడ్డం నిలబడ్డాను. నాన్నకు వీపు పెట్టి, దొంగతిండి తిన్నట్టు సగం తాగి, మిగతా సగం ఆయన వైపు చాపింది.

"మొత్తం" అన్నాను.

తాగింది.

"మరి నాకు?" అన్నాడు నాన్న.

"టీ పెడతాను నాన్నా" అన్నాను. "పాలు లేకుండా."