పాపులా, పాపాలా?

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, ఒక మనిషి చచ్చిపోవాలని రోజూ దండం పెట్టుకునేదాన్ని. ఆయన పరాయివాడు కాదు. ఖుర్సీపార్‌లో మా ఎదురింటివాడే. శ్రీకాకుళం నుంచి మా నాన్నతో కలిసి ఒకే రైల్లో భిలాయి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చినవాడు. మావా అని పిలిచేదాన్ని.

ఇద్దరూ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు. పరంజా మీద నిలబడి షెడ్డుకు రంగు వేస్తుండగా నాన్న కాలి కింద చెక్క జారిపోయింది. కింద పడి తుంటి విరిగింది. ఆ చెక్కను తాడుతో బిగించాల్సినవాడు మావ. తన పని ఎక్కడ పోతుందోనని, విచారణలో నాన్న తాగి వచ్చాడని చెప్పాడు. మా నాన్న కల్లు కూడా ముట్టని మనిషి. అయినా ఆయనకు పని పోయింది. పని పోయినదానికన్నా ఆ మాటే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ ప్లాంటు ఉద్యోగులుండే సెక్టార్లలో నాలుగిళ్ల అంట్లు తోమి, మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి గుమ్మంలోనే కూలబడేది. ఎవరినైనా తిట్టుకునే ఓపిక కూడా ఆవిడకు మిగల్లేదు. ఇంటి కోపమంతా నేనే మోసుకుని తిరిగాను. బడిలో పిల్లలు 'శరాబీ కీ బేటీ', తాగుబోతు కూతురా, అని వెక్కిరించేవారు.

మా పక్కింట్లో ఒక తాతయ్య ఉండేవాడు. విజయనగరం వైపు క్రైస్తవుల బడిలో పంతులుగా చేసి, ముసలితనంలో కొడుకు దగ్గరికి వచ్చాడు. బడిలో మాకు హిందీయే కాబట్టి, వీధిలో పిల్లలకు తెలుగు గుణింతాలు నేర్పింది ఆయనే. యూదుల లేఖనాలను వాళ్ల హీబ్రూ భాషలోనే చదవడం ఎప్పుడో పాదిరీల దగ్గర నేర్చుకున్నాడట. మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ పైకి చదివి, దాని అర్థం తెలుగులో చెప్పుకునేవాడు. మేము నూకాలమ్మను కొలిచేవాళ్లం. ఆ పుస్తకంతో మాకు పనిలేదు. కానీ ఒకరోజు, భూమ్మీద పాపులు లేకుండా పోవాలని ఆయన అనడం నా చెవిన పడింది. నూకాలమ్మ ఎలాగూ నా మొర వినలేదు, ఈ దేవుడైనా వింటాడేమోనని పరుగెత్తుకెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

"తాతా, అది ఎదురింటి మావ పేరెట్టి సదువు" అన్నాను.

ఆయన నవ్వలేదు, కసరలేదు. పలక తెమ్మన్నాడు. దాని మీద ప, ప, ల అని మూడక్షరాలు విడివిడిగా రాశాడు.

"గుణింతాలెట్టి దీన్ని ఓ మాట సెయ్యే గుంటా."

నా బుర్రలో ఉన్నది ఒకటే మాట. పాపులు అని రాసేశాను. ఆయన నడిమి అక్షరానికి ఉన్న కొమ్ము వేలితో తుడిచి, అక్కడ దీర్ఘం పెట్టాడు. పాపాలు అయింది.

హీబ్రూను పూర్వం ఇలా గుణింతాలు లేకుండానే రాసేవారనీ, ఏది ఎలా పలకాలో చెప్పే చుక్కలు చాలాకాలం తర్వాత పెట్టారనీ చెప్పాడు. తను చదివిన చోట కూడా ఇలాంటి చిక్కే ఉందట. చుక్కలు పెట్టినవాళ్లు పాపులు అనే పెట్టారు, ఎక్కువమంది అలాగే చదువుతారు. కానీ పోవలసినవి పాపాలు, అవి పోతే ఇక దుష్టులెక్కడుంటారు, అని చదివిన పెద్దలూ ఆ యూదుల్లోనే ఉన్నారట.

"మరి ఏది నిజం?" అన్నాను.

"నాకూ తెల్దే అమ్మా. ముప్పయ్యేళ్లుగా సూత్తన్నాను."

నాకు ఒళ్లు మండింది. ఆడు పోవాల్సిందే అని అరిచాను. తాతయ్య అలసటగా కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"పోయినాడే అనుకో. ఆ రోజు పైన మీ నాన్నతోటి ఉన్నోడు ఆడొక్కడే. ఆడు పోతే, మీ నాన్న తాగనేదని సెప్పేవోలు ఎవులే? మడిసి పోతాడు, అబద్ధం మట్టుకు ఉండిపోద్ది."

ఇన్నాళ్లూ నేను కోరుకున్నది మా నాన్నకు జీవితాంతం తాగుబోతు పేరని అప్పుడు తెలిసింది.

ఆ వానాకాలం మావకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు ముద్దల్లా అయ్యాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. వీధంతా ఇక కష్టమే అంది. తాతయ్య చూపించిన నేల ఉసిరి రోజూ ఏరుకొచ్చి, నూరి, మజ్జిగలో కలిపి తీసుకెళ్లేదాన్ని. అమ్మ వద్దనలేదు, ఎందుకనీ అడగలేదు. మావ మొదట నా మొహం చూడలేక కళ్లు మూసుకునేవాడు. ఒకరోజు గ్లాసు అందుకుంటూ అడిగాడు.

"నామీద నీకింత పేమేటే?"

"పేమ కాదు. నువ్వు సచ్చిపోతే మా నాన్న తాగనేదని ఎవులు సెప్తారు మావా?"

అతను గ్లాసు కింద పెట్టేసి అటు తిరిగిపోయాడు. భుజాలు కదలడం చూశాను. నాకు జాలి కలగలేదు. తాగు, తాగు అని మళ్లీ గ్లాసు అందించాను.

కోలుకుని లేచాక, ఒక పొద్దున కుళాయి దగ్గర ఆడవాళ్లంతా వరసలో ఉండగా అతను వచ్చి మా అమ్మ ముందు నిలబడ్డాడు.

"ఆ సెక్క నాను కట్టనేదు వదినా. అన్న ఆ రోజు తాగనేదు. నానే అబద్ధమాడినాను."

అమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "బిందె నిండిపోయింది, తియ్యండి" అని మాత్రం అంది.

అదే మాట అతను కాంట్రాక్టరు ఆఫీసులోనూ రాసిచ్చాడు. అతని పని పోయింది. నాన్నకు పని మళ్లీ రాలేదు, తుంటి సరిగ్గా అతకలేదు. వాళ్లిద్దరూ మునుపటిలా కలిసిందీ లేదు, ఎదురుపడితే తల ఊపుకునేవారు. కానీ కుళాయి దగ్గర ఆ మాట చెప్పిన రోజు సాయంత్రం నాన్న కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు పలకరిస్తే బదులు చెప్పాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గర పడుతోంది. భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉంటున్నాను. నా తోడబుట్టినవాడే నా గురించి లేనిది కల్పించి చుట్టాలందరికీ చెప్పాడు, మూడేళ్లుగా మా మధ్య మాటల్లేవు. వాడు నాకు లేడు అనుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు, ఒక్క నిమిషం పని. మనిషి ఉండాలి, వాడిలోని అబద్ధం పోవాలి అని కోరుకోవడమే కష్టం. అది ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి ఎప్పటికీ జరగదు. విసిగిపోయి ఎన్నోసార్లు మధ్యలోనే వదిలేశాను. అయినా పొద్దున లేవగానే, వాడు ఇవాళ కూడా చల్లగా ఉండాలని అనుకుంటాను. ప్రేమో కాదో నాకిప్పటికీ తెలియదు.