మల్‌అబ్ వస్తుందన్నారు

జిద్దాలో కంపెనీ మాకిచ్చిన క్యాంపు ఊరికి దక్షిణాన, ఒక పాత బస్తీని ఆనుకుని ఉండేది. బస్తీని అక్కడ హారా అంటారు. ఆ హారాలో ఉన్నవాళ్లంతా నల్లవాళ్లు. వాళ్ల తాతముత్తాతలు ఆఫ్రికా పడమటి కొస నుంచి హజ్ కోసం నడిచి బయలుదేరి, దారి పొడవునా కూలి చేసుకుంటూ ఏళ్లకేళ్లకు మక్కా చేరి, తిరిగి పోలేక ఇక్కడే ఆగిపోయారు. రేవులో మూటలు మోశారు, ఊళ్లో గోడలు కట్టారు. ఊరు వాళ్లను తక్రూనీలంటుంది. మా రూములో మనవాళ్లు అంతకంటే పాడుమాట అనేవాళ్లు. ఎండకు కమిలి బొగ్గయిన మొహాలు అద్దంలో చూసుకుంటూ మరీ అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

హారా మొదట్లోనే ఒక చాయ్ దుకాణం ఉండేది. దాని యజమాని ముసలాయన. ఆయన్ని అందరూ ‘అమ్మీ’ అని పిలిచేవారు. అరబ్బీలో ఆ మాటకు బాబాయ్ అని అర్థం. మా రూములో ఉండే హైదరాబాద్ డ్రైవర్‌కి అది విని నవ్వాగలేదు. “మా ఇంట్ల అమ్మీ అంటె మా అమ్మ. గీ గడ్డపాయన్ని పట్టుకుని అమ్మీ అనుడేందిరా!” అన్నాడు. నేను మాత్రం అమ్మీ అనే పిలిచాను. ఆయన నన్ను సదీక్ అనేవాడు. సదీక్ అంటే స్నేహితుడు. ఈ దేశంలో పేరు అడిగే ఓపిక లేనివాళ్లు కూలీని పిలిచే పిలుపు కూడా అదే. అమ్మీ నోట మాత్రం దానికి అసలు అర్థమే ఉండేది. ఆయన మాట సగం అరబ్బీ, సగం ఉర్దూ. నా చెవికి మా ఊరి మాటలాగే వినబడేది.

నాకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టించింది ఆయనే. మాది జగిత్యాల దిక్కు. మాకు ఆటంటే క్రికెట్, కాకుంటే కబడ్డీ. శుక్రవారం సెలవు. క్యాంపులో బట్టలు ఉతుక్కుని దుకాణానికి పోయేవాణ్ని. గోడకు టీవీ ఉండేది, అందులో ఊరి జట్టు మ్యాచ్. ఆ జట్టంటే అమ్మీకి ప్రాణం. గెలిస్తే ఆ వారమంతా చాయ్‌లో చక్కెర ఎక్కువ పడేది, ఓడితే చాయే ఉండేది కాదు. ఆఫ్‌సైడ్ ఏమిటో ఆయన చాయ్ గ్లాసులు అటూ ఇటూ జరిపి చెబితే కూడా నాకు చాలాకాలం ఎక్కలేదు. ఎక్కాక రూములో మావాళ్లకు నేనే పాఠం చెప్పాను. పెళ్లివారు రాకముందే పోయి పంక్తిలో కూర్చున్నవాడు ఆఫ్‌సైడ్ అని. వెంటనే అర్థమైంది అందరికీ.

దుకాణం వెనకే హారావాళ్ల మైదానం. గడ్డి పరక లేని మట్టి నేల, మూడు వైపులా ఇళ్లు. దాన్ని మల్‌అబ్ అనేవారు. ఆడేచోటు అని. సాయంత్రం అక్కడ ఎవరు గోల్ కొట్టినా చుట్టూ ఇళ్లలోంచి ఆడవాళ్లు నాలుక తిప్పి కూతలు వేసేవారు. ఆ మట్టిలో ఆడినవాళ్లు కొందరు ఊరి జట్టుదాకా పోయారు. అందుకే అమ్మీ ఆ జట్టును ‘మన పిల్లలు’ అనేవాడు. ఇప్పుడు అందులో ఆడేవాళ్లలో సగంమంది వేరే దేశాల నుంచి కొనుక్కొచ్చినవాళ్లు కదా అంటే, “అయితేంది? నువ్వు కూడ వేరే దేశపోనివే” అనేవాడు.

ఒకరోజు మూడుకాళ్ల యంత్రాలు పట్టుకుని సర్వేవాళ్లు వచ్చారు. అమ్మీ వాళ్లకు చాయ్ పోసి, ఏం కొలుస్తున్నారని అడిగాడు. “ఇక్కడ మల్‌అబ్ వస్తుంది” అన్నారు వాళ్లు.

అరబ్బీలో మట్టి మైదానమూ మల్‌అబే, వేలమంది కూర్చునే స్టేడియమూ మల్‌అబే. హారాలో వాళ్లకు తెలిసిన మల్‌అబ్ ఒక్కటే. ఇన్నాళ్లకు మన గ్రౌండు బాగుచేస్తున్నారు, గడ్డి వేస్తారు, లైట్లు పెడతారు అనుకున్నారు. అమ్మీ ఆ సాయంత్రం అందరికీ ఖర్జూరాలు పంచాడు. ఒక గోల్ వెనక ఉన్న ఇంటివాళ్లు, బంతి తగిలి ప్రతివారం మా వంటింటి కిటికీ పగులుతోంది, ఈసారైనా గోల్ జరపమనండి అన్నారు. దాని మీద పెద్ద వాదన జరిగింది. నేను ఏసీ మెకానిక్‌ని, కరెంటు విషయం నాకే తెలుసన్నట్టు, లైటు స్తంభాలు ఎటు పాతాలో సలహా కూడా ఇచ్చాను. సర్వేవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు. అబద్ధం చెప్పి ఉంటే తిట్టుకోవడానికి మనిషన్నా దొరికేవాడు.

తర్వాత ఖాళీ చేయండి అని గోడల మీద ఎర్ర రంగుతో రాశారు. హారాతో పాటు మా క్యాంపూ పోయింది. మాకు కంపెనీ ఇంకోచోట రూములిచ్చింది. అమ్మీకి ఎవరిస్తారు? పుట్టింది ఆ హారాలోనే అయినా, నాలాగే ఇఖామా మీద, అంటే పరదేశులకిచ్చే పర్మిట్ మీద ఉన్న మనిషి ఆయన. ఇరుగుపొరుగు తలో దిక్కు పోయారు. ఆయన మక్కాలో ఉన్న కూతురింటికి పోయాడు.

నేను హిందువుని. మక్కా దారిలో నాలాంటివాళ్లు ఎక్కడ పక్కకు తిరిగిపోవాలో బోర్డు ఉంటుంది. కారులో గంట దూరంలో ఉన్నాడు, అయినా పోయి పలకరించే వీల్లేదు. ఫోన్లు చేసుకున్నాం. ఫుట్‌బాల్ మాట ఎత్తితే ఆయన వేరే మాట ఎత్తేవాడు. స్టేడియం కట్టాక ఊరి జట్టు అక్కడే ఆడుతుందని తెలిసిన రోజు మాత్రం గట్టిగా అన్నాడు. “నా ఇంటి మీద ఆడేటోళ్లకు నేను సప్పట్లు కొట్ట. సచ్చినా కొట్ట.” టీవీలో మ్యాచ్ వస్తే లేచి బయటికి పోతున్నాడని కూతురు ఇంటికొచ్చినవాళ్లకు చెబుతోందట. అది కూడా ఆయనే చెప్పాడు, గొప్పగా.

చివరికి స్టేడియంలో ఏసీ పని మా కంపెనీకే వచ్చింది. మొదటి మ్యాచ్‌కు పనివాళ్లకు తలా రెండు పాసులిచ్చారు. ఫోన్ చేసి రమ్మని అడిగాను. మిమ్మల్ని చూసి ఏళ్లయింది, నాకు చూడాలని ఉంది, నేను రాలేను గనక మీరే రావాలన్నాను.

“నిన్ను చూడనీకి వస్త. ఆట చూడనీకి కాదు. నా నోట్లకెల్లి ఒక్క మాట రాదు, ముందే చెప్తున్న” అన్నాడు.

వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. గేటు దగ్గర ఇద్దరం కావలించుకున్నాం. లోపల కుర్చీల మధ్య నడుస్తూ ఆయన తన దుకాణం ఎక్కడుండేదో గుర్తుపట్టాలని చూశాడు. ఎటు చూసినా ఒకేరకం కుర్చీలు. కాసేపటికి మానేశాడు. ఆట మొదలయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని, బంతి ఎటుపోతే దానికి రెండోవైపు చూస్తూ కూర్చున్నాడు. పక్కవాళ్లు లేచినప్పుడల్లా నా వైపు తిరిగి మా ఆవిడ ఆరోగ్యం అడిగాడు. పంతం పడితే ఆయన్ని మించినవాడు లేడు. నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది.

ఆట ముగియడానికి ఇంకా కొంచెం టైముందనగా ఊరి జట్టు గోల్ కొట్టింది. నాకంటే ముందు ఆయన లేచాడు. రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు. నన్ను వాటేసుకుని గంతేశాడు. ముందు వరసలో ఎవరో తెలియనివాడి భుజం పట్టుకుని ఊపేశాడు.

తర్వాత ఒక్కసారిగా కూర్చున్నాడు. తలకు చుట్టుకున్న గుత్రా కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఏడుస్తున్నాడని నాకు తెలుసు. చుట్టూ ఇంకా అరుపులు ఆగలేదు. నా చెవి దగ్గరికి వంగాడు.

“నేను అరిచిన్నని మన హారావాళ్లకు చెప్పకు” అన్నాడు.

చెప్పనన్నాను. వాళ్లలో ఒక్కరు కూడా ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు.