రెప్పల సారూ, మూడో బోనూ

రెప్పల సారుకి ఒకటే జబ్బు. ఎదుటి మనిషి నమస్కారం పెట్టేలోపే అతన్ని కిటికీ వైపు తిప్పి, బొటనవేలితో కింది కనురెప్ప లాగి చూస్తారు. కాలేయం చెడితే ముందు కంటి తెలుపు పసుపెక్కుతుందని ఆయన బెంగ.

పరిశోధనశాల తనిఖీకి వచ్చిన అధికారిని కూడా వదల్లేదు.

"ఏం చేస్తున్నారండీ?" అని గింజుకున్నాడాయన.

"కదలకండి, మీ లివరు కనిపిస్తోంది."

అధికారి ఆ పూట ఇంకేమీ తనిఖీ చెయ్యకుండా కళ్ళు తుడుచుకుంటూ కారెక్కాడు.

సారు దగ్గర ఎలకల బోన్లు చూసుకునే సహాయకురాలికి ఈ రెప్పల పరీక్ష రోజూ ఉండేదే. మొదటి బోను ఎలకలకి మామూలు తిండి. రెండోదానికి ఓ మొక్క నుంచి తీసిన విషం. మూడోదానికి ఆ విషమూ, దానికి విరుగుడుగా యాంటీఆక్సిడెంటూ. రెండో బోనువి మూల ముడుచుకుంటే, మూడో బోనువి ఆమె వేలు కొరకడానికి ఉరికొచ్చేవి.

అక్కడే ఆమెకో బుద్ధి పుట్టింది. "తలుపు సరిపోవడం లేదే నీకు" అని అక్క ఎకసెక్కమాడినప్పటి నుంచి ఒళ్ళు తగ్గే ఆకుపొడి తాగుతోంది. కాలేయానికి మంచిది కాదంటారు. అంటే అన్నారు, పొద్దున పొడి, సాయంత్రం యాంటీఆక్సిడెంట్ మాత్ర! తనూ మూడో బోనే కదా!

మూడు వారాలకి తిండి సయించడం మానేసింది. అద్దంలో కళ్ళు చూసుకుని గతుక్కుమంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పనికొచ్చింది.

"గదిలో ఎండెక్కడుందమ్మా?"

"కళ్ళకలక సార్. అంటుకుంటుంది."

"అంటుకోనీ."

కళ్ళద్దాలు ఊడాయి. రెప్ప లాగిన సారు మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఏం తింటున్నావ్?"

చెప్పేసింది. మాత్ర సంగతైతే కాస్త గర్వంగానే చెప్పింది.

"పిచ్చితల్లీ! ఎలకలకి విషమెంతో విరుగుడెంతో తూచి పోశాను. నిన్నెవరు తూచారు? మూడో బోనులోనూ కొన్ని చచ్చాయి. నువ్వొచ్చేలోపు తీసేసేవాణ్ణి."

"ఎందుకు సార్?"

"నీకు ఏడుపొస్తుందని."

ఆసుపత్రిలో డాక్టరమ్మ పొడి మాన్పించింది. "సమయానికొచ్చావ్, కోలుకుంటావులే. మీ వాచ్‌మన్, క్యాంటీన్ వంటామె, ఆ తనిఖీ అధికారి... అందరూ మీ సారు రెప్ప లాగి పంపినవాళ్ళే" అంది.

నెల తిరిగాక ఆమె తనే కిటికీ దగ్గర నిలబడి కళ్ళు పెద్దవి చేసింది.

"పాలలా ఉన్నాయి" అన్నారు సారు.

ఆమె ఊరుకుందా? బొటనవేలు చాచి ఆయన రెప్ప లాగింది. "మీవేంటి సార్, ఇంత ఎర్రగా ఉన్నాయి?"

"బోన్లలో పరిచే పొట్టు మారుస్తుంటే కంట్లో పడిందిలే."

పొట్టు మార్చేది ఆమే. ఆ రోజింకా మార్చనే లేదు. మూడో బోనులో మాత్రం నిన్నటికంటే ఓ ఎలక తక్కువుంది. రెండో రెప్ప కూడా లాగి చూసింది.